గ్రిల్లుకి అవతల మంచం

2022 ఆగస్టులో మా అపార్ట్‌మెంట్‌కి గ్రిల్లు గేటు పెట్టించాం. మాది వేపగుంట దగ్గర ఐదంతస్తుల బిల్డింగు, ఇరవై ఫ్లాట్లు. అప్పటిదాకా మెట్ల దగ్గర గేటూ లేదు, తాళమూ లేదు. కావాలని ఎవరికీ తోచలేదు. ఆ నెలలో తోచింది. పెందుర్తి పోలీస్ స్టేషన్ పరిధిలో ఎవడో రాత్రిపూట వచ్చి, అపార్ట్‌మెంట్ల దగ్గర కాపలా పడుకునేవాళ్ళని ఇనప రాడ్డుతో కొట్టి చంపుతున్నాడు. చినముషిడివాడలో వాచ్‌మన్ పనికి ఉన్న భార్యాభర్తలు పోయారు. కొద్ది రోజులకే సుజాతనగర్ వైపు ఇంకో ఆడమనిషి. మా ఇంటికి అవన్నీ స్కూటీ మీద వెళ్ళొచ్చేంత దూరం.

అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఆ వారం వచ్చినన్ని మెసేజీలు కరోనా రోజుల్లో కూడా రాలేదు. అర్ధరాత్రి రెండింటికి ఒకరు "కింద చప్పుడైంది, ఎవరైనా విన్నారా?" అంటే పదిమంది "విన్నాం" అనేవాళ్ళు. తీరా చూస్తే పిల్లి. రెండు రోజుల్లో వెల్డర్‌ని పిలిచి గ్రిల్లు బిగించేశాం. ఫ్లాటుకి రెండు తాళంచెవులు. రాత్రి పదింటికి తాళం.

ఇది రాయడానికి నాకు ఇన్నాళ్ళు ఎందుకు పట్టిందంటే, ఆ గ్రిల్లు ఎక్కడ పెట్టామో చెప్పాల్సి వస్తుంది కాబట్టి. మొదటి మెట్టు దగ్గర పెట్టాం. మా వాచ్‌మన్, వాళ్ళావిడ పడుకునే మంచం సెల్లార్‌లో, మోటారు గది పక్కన ఉంటుంది. అంటే గ్రిల్లుకి అవతల. ఊళ్ళో చస్తున్నది వాచ్‌మన్లు. తాళం వేసుకుని పడుకున్నది మేము.

తర్వాత పోలీసులు ఒకడిని అరెస్టు చేశారు. సంసారం చెడి ఆడవాళ్ళ మీద కక్ష పెంచుకున్నాడని చెప్పారు. టీవీల్లో "సైకో కిల్లర్" అని ఎర్రక్షరాలు తిరిగాయి. గ్రూపులో దండం బొమ్మలు వరసగా పడ్డాయి. ఆ తర్వాత మళ్ళీ నీళ్ళ ట్యాంకు గొడవలు మొదలయ్యాయి.

నన్ను మాత్రం వేరే జబ్బు పట్టుకుంది. రాత్రి తాళం పడ్డాక నిద్ర పట్టక, ఫోనులో సీరియల్ కిల్లర్ల గురించి చదవడం మొదలుపెట్టాను. భయంతో చదివానని చెప్పుకోవచ్చుగానీ అది సగమే నిజం. అందులో ఒక రుచి ఉంది. జంతికల డబ్బా ముందు కూర్చున్నట్టు, ఇంకొక్కటి, ఇంకొక్కటి అనిపిస్తుంది. పొద్దున్నే కాఫీ దగ్గర అవన్నీ మా నాన్నకి చెప్పేదాన్ని. నాన్న రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్. సర్వీసులో సగం కాలం స్టేషన్ రైటర్‌గా చేశారు. దొంగల్ని పట్టుకున్న కథలు ఆయన దగ్గర పెద్దగా లేవు. రిజిస్టర్ల కథలు మాత్రం బోలెడు.

హంతకుల్ని రకాలుగా విడగొట్టే ఈ శాస్త్రం చాలావరకు ఒకే చోట పుట్టింది. అమెరికాలో, వర్జీనియా రాష్ట్రంలో, క్వాంటికో అనే చోట ఎఫ్‌బీఐ అకాడమీ ఉంది. 1972లో అక్కడ బిహేవియరల్ సైన్స్ యూనిట్ పెట్టారు. ఆ యూనిట్‌లో పనిచేసే రాబర్ట్ రెస్లర్, జాన్ డగ్లస్ 1970ల చివర్లో జైళ్ళు తిరుగుతూ హంతకులతో మాట్లాడటం మొదలుపెట్టారు. యాన్ బర్జెస్ అనే నర్సింగ్ ప్రొఫెసర్ వచ్చి, ఆ మాటల్ని పరిశోధన కిందికి మార్చే పద్ధతి కూర్చింది. మొత్తం 36 మంది. లైంగిక హత్యలు చేసి శిక్ష అనుభవిస్తున్న మగవాళ్ళు. వాళ్ళు చెప్పిన దాంట్లోంచి వచ్చిందే ఇవాళ ప్రతివాడికీ నోటికొచ్చిన విభజన: ఆర్గనైజ్డ్, డిసార్గనైజ్డ్.

మొదటి రకం వాడు ముందే అన్నీ ఆలోచించుకుంటాడట. మాటకారి, ఉద్యోగం ఉంటుంది, బండి ఉంటుంది, ఆయుధం వెంట తెచ్చుకుని వెంటే తీసుకుపోతాడు, శవాన్ని దాచేస్తాడు, మర్నాడు పేపర్లో వార్త వెతుక్కుంటాడు. రెండో రకం వాడు ఒంటరి. చదువు అబ్బనివాడు. ఇంటి చుట్టుపక్కలే తిరుగుతాడు, చేతికి దొరికిన దాంతో కొడతాడు, శవాన్ని అక్కడే వదిలేసి పోతాడు.

"రెండూ కలిసినవాడు దొరికితే?" అన్నారు నాన్న.

"మిక్స్‌డ్ అంటారు నాన్నా."

ఆయన నవ్వారు. "మా రిజిస్టర్లో కూడా 'ఇతరములు' అని ఒక కాలమ్ ఉండేదమ్మా. సగం అందులోకే పోయేవి."

నాన్న నవ్వి ఊరుకున్నదాన్ని ఇంగ్లండులో డేవిడ్ కాంటర్ అనే సైకాలజిస్టు తన బృందంతో కలిసి లెక్కగట్టి చూశాడు. 2004లో వచ్చిన ఆ పరిశోధనలో, 100 మంది అమెరికన్ సీరియల్ కిల్లర్లు చేసిన 100 హత్యలు తీసుకున్నారు. ఆ లక్షణాలు నిజంగా రెండు గుంపులుగా విడిపోతాయా అని పరీక్షించారు. విడిపోలేదు. ఆర్గనైజ్డ్ అని రాసిపెట్టిన లక్షణాలు మొత్తం అందరిలోనూ సామాన్యంగా కనిపించాయి. డిసార్గనైజ్డ్ అన్నవి ఒక గుంపుగా కుదరకుండా ఒక్కొక్కడిలో ఒక్కోలా చెదిరిపోయి ఉన్నాయి. నాకైతే ఇందులో ఆశ్చర్యం లేదు. ఏ ఆలోచనా లేకుండా చంపేవాడు మొదటిసారే దొరికిపోతాడు. వాడు రెండో హత్య దాకా, మూడో హత్య దాకా వస్తేనే కదా సీరియల్ అవుతాడు!

అసలు ఆ 36 మంది ఎవరు? దొరికినవాళ్ళు, దొరికినవాళ్ళలో మాట్లాడటానికి ఒప్పుకున్నవాళ్ళు. జైల్లో ఉన్నవాడి దగ్గరికి ఎఫ్‌బీఐ వాళ్ళు ఇంత దూరం నుంచి వచ్చి, "నువ్వు చాలా తెలివైనవాడివి, నీ మనసు మాకు అర్థం చెయ్యి" అన్నట్టు కూర్చుంటే వాడు తనని తాను తగ్గించి చెప్పుకుంటాడా? పెళ్ళిచూపుల్లో అబ్బాయి చెప్పిన జీతం లాంటిదే అది. కొంత నిజం ఉంటుంది.

1988లో రోనాల్డ్ హోమ్స్, జేమ్స్ డిబర్గర్ అనే ఇద్దరు ఇంకో పట్టిక ఇచ్చారు. ఇందులో నాలుగు గదులు. చెవిలో గొంతులు వినిపించి చంపేవాళ్ళు ఒకరు. ఫలానా రకం మనుషులు భూమ్మీద ఉండకూడదని పని పెట్టుకున్నట్టు ఏరేసేవాళ్ళు ఇంకొకరు. సుఖం కోసం చంపేవాళ్ళు, ఎదుటివాళ్ళ ప్రాణం తన గుప్పిట్లో ఉందన్న అధికారం కోసం చంపేవాళ్ళు. డబ్బు కోసం చంపేవాళ్ళని ఆ మూడో గదిలో ఒక మూల సర్దేశారు.

మన కేసుల్ని పట్టుకుని ఆ గదుల్లో పెట్టి చూశాను. మొదటి గదికి బొంబాయి రామన్ రాఘవ్ సరిగ్గా సరిపోతాడు. 1960ల్లో ఆ నగరాన్ని వణికించి 1968లో దొరికాడు. స్కిజోఫ్రీనియా అని డాక్టర్లు తేల్చాక ఉరి కాస్తా యావజ్జీవం అయింది, 1995లో చనిపోయాడు. కానీ అక్కడినుంచి దక్షిణానికి దిగేకొద్దీ ఆ పట్టిక నాకు తలకిందులుగా కనిపించింది. కర్ణాటకలో మోహన్ కుమార్, ప్రైమరీ స్కూల్లో పీఈటీ మాస్టారు. పెళ్ళి చేసుకుంటానని ఆడవాళ్ళని నమ్మించి, వేరే ఊరు తీసుకెళ్ళి, గర్భం రాకుండా మాత్ర అని సైనైడ్ ఇచ్చి, నగలు పట్టుకుని పోయేవాడు. అదే రాష్ట్రంలో కెంపమ్మ, గుళ్ళకొచ్చే ఆడవాళ్ళని మంచి చేసుకుని సైనైడ్ ఇచ్చి బంగారం తీసుకునేది. కేరళలో కూడత్తాయి కేసు, ఒకే ఇంటి చుట్టూ ఆరు చావులు, ఆస్తి గొడవ, సైనైడ్ ఆరోపణ. మన ఏలూరులో 2019 నవంబరులో పోలీసులు పట్టుకున్న నిందితుడు బియ్యపు గింజల్ని లాగే మహిమ ఉందని చెప్పే రైస్ పుల్లింగ్ నాణెమనీ, గుప్తనిధులనీ ఆశపెట్టి డబ్బు, బంగారం తీసుకుని, ప్రసాదంలో సైనైడ్ కలిపి పెట్టాడట. 20 నెలల్లో 10 మంది అని పోలీసుల లెక్క. 2024లో తెనాలిలో ఇలాంటి ఆరోపణ మీదే ముగ్గురు ఆడవాళ్ళని పట్టుకున్నారు. వాళ్ళ పట్టికలో మూల గదిలో ఉన్నది మన నట్టింట్లో ఉంది: నగలు, ఆస్తి, బంగారానికి పూత వేసే పనిలో వాడే విషం. అమెరికా హంతకుల కొలతలతో కుట్టిన చొక్కా ఇది. మనకి పట్టలేదని మనం కుంగిపోవాల్సిన పని లేదు.

ఇక "సైకో". ఈ మాట మీద నాకు వేరే లెక్క ఉంది.

మా మేనమామకి స్కిజోఫ్రీనియా. మావయ్య నెలనెలా బస్సెక్కి చినవాల్తేరు మానసిక వైద్యశాలకి వెళ్ళి, ఓపీలో లైన్లో నిలబడి మందులు తెచ్చుకునేవాడు. వైజాగ్‌లో ఎవరినైనా ఎగతాళి చెయ్యాలంటే "వీడిని వాల్తేరు పంపాలి" అంటారు, హైదరాబాద్ వాళ్ళు ఎర్రగడ్డ అన్నట్టే. నేనూ చిన్నప్పుడు అన్నాను. మావయ్యకి గొంతులు వినిపించేవి. ఆ గొంతులు ఆయన్ని తిట్టేవి. ఆయన ఎవరినీ ఒక్క మాట అనలేదు, పైగా దీపావళి బాంబులకి మంచం కింద దూరేవాడు. 2022 ఆగస్టులో మా గ్రూపులో ఒకాయన పెట్టిన మెసేజీ నాకింకా గుర్తుంది: "మెంటల్ హాస్పిటల్ నుంచి ఎవడో తప్పించుకుని ఉంటాడు." ఆ హాస్పిటల్ ఊరికి ఆ చివర, సముద్రం వైపు ఉంది. మావయ్య అప్పటికే పోయాడు. ఆ మెసేజీ చూడలేదు కదా అనుకున్నాను.

తెలుగులో మనం "సైకో" అనే ఒక్క మాటతో రెండు వేరువేరు విషయాల్ని కలిపి కొడుతున్నాం. ఒకటి సైకోసిస్. మనిషికి వాస్తవంతో పట్టు తప్పుతుంది, లేనివి వినిపిస్తాయి, లేనివి నమ్ముతాడు. అది మందులకి లొంగే జబ్బు. రెండోది సైకోపతీ. అక్కడ వాస్తవంతో పట్టు చాలా గట్టిగానే ఉంటుంది. లేనిది జాలి, పశ్చాత్తాపం, భయం. హెర్వీ క్లెక్లీ అనే అమెరికన్ డాక్టరు 1941లోనే దీన్ని వర్ణిస్తూ, మతి బాగానే ఉన్నట్టు తొడుక్కున్న ముసుగు అన్నాడు. తర్వాత కెనడాలో రాబర్ట్ హేర్ దాన్ని కొలవడానికి 20 అంశాల జాబితా చేశాడు. ఒక్కోదానికి సున్నా, ఒకటి, రెండు మార్కులు, మొత్తం 40. 30 గానీ అంతకు మించి గానీ వస్తే సైకోపత్ అని అక్కడ ఎక్కువగా లెక్క వేస్తారు. అలాంటివాళ్ళలో చాలామంది ఎవరినీ చంపరు. అప్పు ఎగ్గొడతారు, భార్యని ఏడిపిస్తారు, మన పై ఆఫీసరుగా వస్తారు. సీరియల్ హంతకుల్లో రామన్ రాఘవ్ లాంటివాళ్ళు అరుదు. అయినా మనకి "సైకో" అనగానే గుర్తొచ్చేది చింపిరి జుట్టు, పిచ్చిచూపులు. చినవాల్తేరు లైన్లో నిలబడ్డ మావయ్య.

ఇంకో మోజు ఉంది, మహా తెలివైనవాడు అని. అమెరికాలో గ్యారీ రిడ్జ్‌వే లారీలకి రంగులు వేసే పనివాడు. బళ్ళో వెనకబడ్డవాడు. 1980ల్లో మొదలుపెట్టి 2001 దాకా దొరకలేదు. 49 హత్యలకి శిక్ష పడింది. డెనిస్ రేడర్ చర్చి కౌన్సిల్ అధ్యక్షుడు. పదిమందిని చంపాడు. 2005లో పోలీసులకి పంపిన ఫ్లాపీ డిస్కులో తన చర్చి వివరం, తన పేరు మిగిలిపోయి దొరికిపోయాడు. ఇదేం తెలివి? అదే 2005లో ఎఫ్‌బీఐ శాన్ ఆంటోనియోలో పెద్ద సమావేశం పెట్టి, 2008లో నివేదిక ఇచ్చింది. సీరియల్ కిల్లర్లంటే అందరూ ఒంటరివాళ్ళనీ, అందరూ పిచ్చివాళ్ళో మేధావులో అనీ, అందరూ లైంగిక కోరికతోనే చంపుతారనీ చెప్పుకునేవి ఉత్త అపోహలని అందులో రాశారు. క్వాంటికో సంస్థే ఆ మాట అంది. మన టీవీల దాకా అది రాలేదు.

చిన్నతనంలోనే గుర్తుపట్టొచ్చనే మాట గురించి ఎక్కువ చెప్పను. పక్క తడపడం, నిప్పు పెట్టడం, జంతువుల్ని హింసించడం, ఈ మూడూ కలిస్తే ప్రమాదమని 1963లో మెక్డొనాల్డ్ అనే డాక్టరు రాశాడు. తర్వాతి పరిశోధనల్లో అది జోస్యంగా నిలబడలేదు. మా ఇంట్లో ఎనిమిదేళ్ళు వచ్చేదాకా పక్క తడిపినవాడు ఇప్పుడు ఎల్‌ఐసీ ఏజెంటు. వాడి వల్ల జనానికి ఉన్న బాధ వేరు.

నిర్వచనం దగ్గర కూడా ఇదే తంతు. అమెరికా 1998 చట్టంలో మూడు హత్యలుంటే సీరియల్ అన్నారు. 2005 సమావేశంలో దాన్ని రెండుకి దించారు, వేరువేరు సందర్భాల్లో జరిగితే చాలన్నారు. మరి 2020 మేలో వరంగల్ దగ్గర గొర్రెకుంట బావిలో తొమ్మిది శవాలు తేలాయి. చంపినవాడు అంతకుముందు మార్చిలో తనతో ఉన్న మహిళని రైల్లోంచి తోసేశాడు. ఆ చావు గురించి అడుగుతున్నారని నిద్రమాత్రలు కలిపి మిగతావాళ్ళని బావిలో పడేశాడు. ఒకటి, ఆ తర్వాత ఒకే రాత్రి తొమ్మిది. ఇది సీరియలా, సామూహికమా? నాన్ననడిగితే "ఎఫ్‌ఐఆర్‌లో ఆ కాలమ్ లేదమ్మా" అన్నారు. నిజమే. మన చట్టంలో సీరియల్ హత్య అనే సెక్షనే లేదు. హత్యకి మొన్నటిదాకా ఐపీసీ 302, ఇప్పుడు కొత్త చట్టం బీఎన్‌ఎస్‌లో 103. ఒక్కో శవానికి ఒక్కో నంబరు.

కానీ గొర్రెకుంటలో నా కన్ను ఆగింది వేరే దగ్గర. ఆ తొమ్మిది మంది గురించి కాదు, మార్చిలో పోయిన ఆ ఒక్క మనిషి గురించి. ఆమె బంధువులు అడగబట్టే ఆ రెండో ఘోరానికి తెగించాడు. అంటే అతను మొదట భయపడింది పోలీసుకి కాదు. "ఆమె ఏదీ?" అన్న ప్రశ్నకి. అక్కడినుంచి నేను హంతకుడి గురించి చదవడం మానేసి, ఆ ప్రశ్న ఎవరి విషయంలో అడిగారు, ఎవరి విషయంలో అడగలేదు అని చూడటం మొదలుపెట్టాను. పట్టికలు అప్పుడు చాలా చిన్నవైపోయాయి.

దీనికి పనికొచ్చింది మా నాన్న రిజిస్టరే. అనుమానాస్పదంగా ఎవరైనా చనిపోతే స్టేషన్‌లో "174 కేసు" కడతారు. పాత సీఆర్‌పీసీలో 174, ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్‌లో 194 అయిందిగానీ నాన్న నోట్లో అది 174గానే ఉండిపోయింది. శవ పంచనామా, పోస్ట్‌మార్టం, అవసరమైతే విసెరా, అంటే లోపలి అవయవాల ముక్కలు, ఫోరెన్సిక్ ల్యాబ్‌కి. ఇదంతా జరగాలంటే ముందు ఒకరికి అనుమానం రావాలి. ఇంట్లో పెద్దాయన ప్రసాదం తిని కుప్పకూలితే మనం ఏమంటాం? "గుండెపోటు, పుణ్యాత్ముడు, క్షణంలో పోయాడు." సాయంత్రానికి దహనం. ఏలూరు కేసులో చాలా చావులు అలా మామూలు చావులుగానే వెళ్ళిపోయాయి. కూడత్తాయిలో 2002 నుంచి 2016 దాకా నడిచిన చావుల్ని 2019లో సమాధులు తవ్వి చూడగలిగారు. మనకి బూడిద తప్ప తవ్వడానికేముంది?

మోహన్ కుమార్ సంగతి చూడండి. ఒక్కో ఊరి బస్టాండు టాయిలెట్లో ఒక్కో ఆడమనిషి శవం. ఊరు వేరు, స్టేషన్ వేరు, రిజిస్టరు వేరు. చాలావరకు గుర్తు తెలియని శవం, ఆత్మహత్య అయ్యుండొచ్చు. అక్కడ ఇంట్లోవాళ్ళకేమో అమ్మాయి లేచిపోయింది. కట్నం ఇచ్చుకోలేని ఇళ్ళు, పెళ్ళి వయసు దాటుతోందని దిగులుపడే ఇళ్ళు. ఎవరితోనో వెళ్ళి ఎక్కడో సుఖంగా ఉందనుకోవడమే వాళ్ళకి ఉన్న ఊరట. 2003 నుంచి 2009 దాకా 20 మంది. ఎలా బయటపడింది? బంట్వాళ దగ్గర ఒక అమ్మాయి కనబడకపోతే, వేరే మతం అబ్బాయితో పోయిందన్న అనుమానంతో ఊరు గొడవకి దిగింది. ఆ ఒత్తిడికి పోలీసులు ఫోన్ కాల్స్ లాగారు. తీగ లాగితే డొంక కదిలింది. అమ్మాయి ఏమైందన్న దిగులుకి ఆరేళ్ళలో కదలనిది, ఎవడితో పోయిందన్న కోపానికి కదిలింది.

"మిస్సింగ్ కేసుకి తల్లిదండ్రులు వస్తే మీ రోజుల్లో ముందు ఏమడిగేవారు నాన్నా?" అన్నాను.

ఆయన కాసేపు మాట్లాడలేదు. "ఎవరితోనైనా తిరుగుతోందా అని అడిగేవాళ్ళం" అన్నారు. తర్వాత కాఫీ గ్లాసు పట్టుకుని లోపలికెళ్ళిపోయారు.

హాజీపూర్ తెలిసిందే. యాదాద్రి జిల్లాలో, 2019లో, పాడుబడ్డ బావుల్లో ముగ్గురు అమ్మాయిల అవశేషాలు దొరికాయి. అందులో ఒక పిల్ల మాయమైంది 2015లో. నాలుగేళ్ళు. 2020 ఫిబ్రవరిలో కోర్టు ఉరిశిక్ష వేసింది. 2021 జనవరిలో హైదరాబాద్ పోలీసులు పట్టుకున్న నిందితుడు కల్లు కాంపౌండ్ల దగ్గర ఒంటరి ఆడవాళ్ళతో మాట కలిపేవాడట. రామన్ రాఘవ్ చంపింది ఫుట్‌పాత్‌ల మీద, గుడిసెల్లో నిద్రపోయేవాళ్ళని. రిడ్జ్‌వే అయితే కోర్టులోనే చెప్పాడు: వేశ్యల్ని ఎంచుకున్నది వాళ్ళు కనబడకపోయినా ఎవరూ వెంటనే ఫిర్యాదు చెయ్యరని, అసలు చెయ్యకపోవచ్చని. ఇతనిది ఏ రకం మనసో నాలుగు గదుల్లో వెతుకుతుంటే, అతను మన గురించి ఒక పట్టిక వేసుకున్నాడు, ఎవరి చావుకి ఎవరు అడుగుతారో. అది తప్పు కూడా కాలేదు. స్టీవెన్ ఎగ్గర్ అనే నేరశాస్త్రజ్ఞుడు ఇలాంటి బాధితుల్ని "లెస్ డెడ్" అన్నాడు. బతికున్నప్పుడే లెక్కలో లేరు కాబట్టి చావులో కూడా తక్కువైనవాళ్ళు.

బీదవాళ్ళకే ఇలా అవుతుందనుకుంటే ఇంగ్లండు డాక్టరు హరోల్డ్ షిప్‌మన్ ఉన్నాడు. తన దగ్గరికొచ్చే పెద్దవాళ్ళకి, ఎక్కువగా ముసలమ్మలకి, ఇంజెక్షన్‌తో ప్రాణం తీసి, మరణ ధ్రువపత్రం తనే రాసేవాడు. 2000లో 15 హత్యలకి శిక్ష పడింది. తర్వాత విచారణ సంఘం 215 అని తేల్చింది. ముసలావిడ కుర్చీలో కూర్చుని పోయిందంటే ఎవరడుగుతారు? పక్క డాక్టరుకి, శవాలు తీసుకెళ్ళేవాళ్ళకి అనుమానం వచ్చింది. 1998లో చెప్పారు కూడా. పోలీసులు పైపైన చూసి వదిలేశారు. చివరికి వాడు ఒక ముసలావిడ పేరున దొంగ వీలునామా సృష్టిస్తే, లాయరైన ఆవిడ కూతురు పట్టుకుంది.

ఇంతా చదివి సైకాలజీ దండగ అంటున్నానా అని నా స్నేహితురాలు అడిగింది. ఆమె కాలేజీలో సైకాలజీ చెబుతుంది, కోపం కూడా వచ్చింది. దండగ అనను. దొరికినవాడితో ఎలా మాట్లాడాలో, ఏ నేరం ఏ నేరంతో కలుస్తుందో చూడటానికి ఆ చదువు పనికొచ్చింది. అమెరికాలో 1985లో వైక్యాప్ అని వేరువేరు ఊళ్ళ కేసుల్ని పోల్చే వ్యవస్థ పుట్టింది దాన్నుంచే. మనకీ 2009లో సీసీటీఎన్‌ఎస్ మంజూరైంది, స్టేషన్లన్నీ కంప్యూటర్లో కలిశాయి. కానీ కంప్యూటరు కలపాలంటే రాసి ఉండాలి. "ఎక్కడికి పోతుందిలే, వస్తుంది" అని వెనక్కి పంపిన తల్లి ఏ సర్వర్లోనూ ఉండదు.

నా స్నేహితురాలికి నేను చెప్పిన చివరి కేసు నోయిడా నిఠారీ. కూలి పనులకొచ్చినవాళ్ళ పిల్లలు ఒకరి తర్వాత ఒకరు మాయమయ్యారు. తల్లిదండ్రులు స్టేషన్ చుట్టూ తిరిగితే పట్టించుకోలేదు. 2006 డిసెంబరులో ఒక బంగళా వెనక కాలవలో ఎముకలు బయటపడ్డాయి. ఆ రోజు నుంచి టీవీల్లో నరరూప రాక్షసుడు. యజమాని, పనివాడు, వాళ్ళ మనసుల విశ్లేషణ, నరమాంస భక్షణ, ఏది కావాలంటే అది. ఉరిశిక్షలు పడ్డాయి. 2023 అక్టోబరులో అలహాబాద్ హైకోర్టు దర్యాప్తునీ, పనివాడి నేరాంగీకారాన్నీ నమ్మలేమని తన ముందున్న కేసుల్లో ఇద్దరినీ నిర్దోషులన్నది. పనివాడి మీద మిగిలిన ఒక్క కేసులో 2025 నవంబరులో సుప్రీంకోర్టు కూడా అదే మాట అంది. అంటే అంతమంది పిల్లల్ని ఎవరు చంపారో చట్టం దృష్టిలో ఇవాళ తెలియదు. అడగాల్సినప్పుడు అడగలేదు. తర్వాత ఒక రాక్షసుడు దొరికాడు కదా అని అడగడం మానేశారు. నాకు ఈ రెండూ ఒకే పనిలా కనిపిస్తాయి. "సైకో" అన్న మాట మనకి అంత ఇష్టం ఎందుకో అక్కడ అర్థమైంది. వాడెవడో వేరే జాతి అని తేలిపోతే, మిగతావాళ్ళం లైటార్పి పడుకోవచ్చు.

మా గ్రిల్లు సంగతికొస్తాను. తాళం పడ్డ రెండో రోజు రాత్రి వాచ్‌మన్ వాళ్ళావిడ మెట్ల దగ్గర నన్ను ఆపింది.

"అమ్మా, మాకూ ఓ తాళంసెవి ఇచ్చీండమ్మా. రేత్రి ఏటైనా అయితే నోనకొచ్చీడానికి."

సెక్రటరీతో చెప్తానన్నాను. చెప్పాను. మీటింగ్‌లో పెడదాం అన్నారు. వాళ్ళకి తాళంచెవి ఇస్తే గ్రిల్లు పెట్టి లాభమేంటని ఇంకొకరన్నారు. నా దగ్గర రెండు తాళంచెవులున్నాయి. ఒకటి పర్సులో, ఒకటి దేవుడి గదిలో మేకుకి. రెండోది తీసి ఆమె చేతిలో పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పెట్టలేదు. మీటింగ్ జరిగేలోపు అరెస్టు వార్త వచ్చింది, ఆ విషయం మళ్ళీ రాలేదు.

మీటింగ్ లేకుండానే తీర్మానమైంది ఒకటుంది. "మన వాచ్‌మన్ ఎలాంటివాడో మనకి మాత్రం ఏం తెలుసు, ఆధార్ తీసిపెట్టుకుందాం" అని గ్రూపులో ఒకరంటే అందరూ బొటనవేళ్ళు పెట్టారు. ఆ పని నాకు అప్పగించారు. ఆయన మా దగ్గర ఆరేళ్ళుగా ఉన్నారు. పిల్లలు "తాతా" అంటారు. మేం "వాచ్‌మన్" అని పిలుస్తాం. మెయింటెనెన్స్ పుస్తకంలో నెలనెలా జీతం దగ్గర కూడా "వాచ్‌మన్" అనే ఉంటుంది.

ఆయన చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి కార్డు తీసి ఇచ్చారు. అప్పుడు చదివాను ఆయన పేరు, ఇంటిపేరు. విజయనగరం జిల్లాలో ఊరు. పుట్టిన తేదీ జనవరి 1 అని ఉంది.

"జెరాక్స్ అయిపోనాక మర్సిపోకుండా ఇచ్చీండమ్మా" అన్నారు. "ఒకటో తారీకు పింఛనుకి ఊరెల్లాల. నాను లేనప్పుడు మా ఆడమనిసి ఒక్కర్తే ఉంటాది, కాస్త సూసుకోండి."